పాప్‌కార్న్ కుట్టు: వదిలిన లూప్‌ను మళ్లీ ఎక్కడ పట్టుకోవాలి?

కొక్కెం ఉన్న సూదితో అల్లే క్రోషే పనిలో మొదట నేర్చుకునే కుట్లు చెయిన్, సింగిల్ క్రోషే, డబుల్ క్రోషే. ఈ మూడూ వచ్చాక చాలామంది అక్కడే ఆగిపోతారు. మఫ్లర్లు, కప్పుల కింద వేసే మ్యాట్లు, చిన్న పర్సులు అల్లుతూ ఉంటారు. చేతికి వేగం వస్తుంది కానీ అల్లినదంతా చదునుగా, ఒకే తీరుగా ఉంటుంది. ఆ తర్వాత నేర్చుకోవాల్సినవి చేత్తో తడిమితే వేళ్లకు తగిలేలా పైకి లేచే కుట్లు. వాటిలో ముందు పాప్‌కార్న్ కుట్టుతో మొదలుపెట్టమంటాను. చూడ్డానికి కష్టమైన పనిలా ఉంటుంది కానీ అందులో కొత్త కుట్టేమీ లేదు. మీకు వచ్చిన డబుల్ క్రోషేనే ఒకే చోట అయిదుసార్లు వేసి, సూది బయటికి తీసేసి, ఆ అయిదింటిలో మొదటిదాని తలలోంచి, అంటే దాని పై అంచులోంచి, వదిలిన లూప్‌ను లాగేస్తారు. అయిదు కుట్లూ దగ్గరికి ముడుచుకుని ఉబ్బుతాయి.

మెలకువంతా ఆ సూది తీసి మళ్లీ గుచ్చే చోటే ఉంది. అయిదు కుట్లు వేయడం ఎవరికైనా వస్తుంది. తిరిగి గుచ్చడంలో తేడా వస్తే మాత్రం పాప్‌కార్న్ వెనక్కి తిరిగిపోతుంది, లేదా పక్కకి వాలిపోతుంది, లేదా వరుసలో లెక్క తప్పిపోతుంది. అందుకే ఆ ఒక్క కదలిక గురించి ఇక్కడ కాస్త ఎక్కువగానే చెబుతాను.

నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లే ఇళ్లలో పెరిగినవాళ్లకు సూది పట్టుకోవడం దగ్గర్నుంచి చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి తీరానికి వచ్చిన పని అది. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే లేసు అలవాటున్న చేతికి ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. లేసుకు అందం తెచ్చేవి మధ్యలో వదిలే ఖాళీలు. పాప్‌కార్న్ దానికి పూర్తిగా ఎదురు, ఉన్న కాస్త చోటులోనే దారం కూరాలి. లేసు అల్లేవాళ్లు అలవాటుకొద్దీ కుట్టును బిగించేస్తారు. ఇక్కడ అయిదు కుట్లనూ కొంచెం వదులుగా వేయాలి, ముడి వేసే చోట మాత్రమే బిగించాలి.

ఏం కావాలి

నేర్చుకునేటప్పుడు సన్న నూలు దారం వద్దు. నాలుగు పోగుల ఊలు తీసుకోండి. అక్రిలిక్ అయినా కాటన్ అయినా ఫరవాలేదు. లేత రంగు, ఒకే రంగు మంచిది. నలుపు, ముదురు నీలం మీద కుట్టు తల ఎక్కడుందో పగటి వెలుతురులో కూడా కనబడదు. నూగు ఎక్కువగా ఉండే ఊలు, రంగులు మారుతూ వచ్చే ఊలు కూడా ఇప్పుడొద్దు. అందులో ఎంత బాగా వేసినా పాప్‌కార్న్ గుంపులో కలిసిపోతుంది.

సూది 4 మి.మీ. సరిపోతుంది. ఊలు ఉండ చుట్టూ ఉండే కాగితం మీద వేరే సైజు రాసి ఉంటే దాన్నే నమ్మండి. సన్న దారానికి వాడే స్టీలు సూదుల మీద మి.మీ. బదులు నంబరు ఒక్కటే ఉంటే, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 10వ నంబరు అంటే లావుగా ఉంటుందని కొనుక్కొచ్చేవాళ్లు ఉన్నారు.

ఇవి కాక ఒక కత్తెర, దారం కొసలు దాచడానికి మొద్దు మొనున్న పెద్ద కన్ను సూది, రెండు మూడు పిన్నీసులు. కుట్టుకు గుర్తు పెట్టడానికి ప్లాస్టిక్ మార్కర్లు అమ్ముతారు కానీ పిన్నీసు ఉంటే ఆ పని అయిపోతుంది.

ఇంకో మాట. ఇంటర్నెట్లో దొరికే డిజైన్లు కొన్ని అమెరికా పేర్లతో, కొన్ని బ్రిటన్ పేర్లతో ఉంటాయి. అమెరికా వాళ్ల డబుల్ క్రోషేను బ్రిటన్‌లో ట్రెబుల్ అంటారు. బ్రిటన్ వాళ్ల డబుల్ క్రోషే అంటే అమెరికా సింగిల్ క్రోషే. ఇది తెలియక అల్లితే పాప్‌కార్న్ పొట్టిగా, గట్టిగా, బటన్ సైజులో వస్తుంది. డిజైన్‌లో ఎక్కడైనా సింగిల్ క్రోషే అన్న మాట కనబడితే అది అమెరికా పద్ధతి, ఎందుకంటే బ్రిటన్ పద్ధతిలో ఆ పేరే లేదు. ఇక్కడ నేను వాడేవన్నీ అమెరికా పేర్లే.

ముందు ఒక్క పాప్‌కార్న్

వరుసలోకి దిగేముందు విడిగా ఒకటి వేసి చూడండి. 12 చెయిన్లు వేసి, సూది నుంచి రెండో చెయిన్‌లో మొదలుపెట్టి చివరిదాకా సింగిల్ క్రోషే వేస్తే 11 కుట్లు వస్తాయి. తిప్పండి. 3 చెయిన్లు వేయండి, అవి మొదటి డబుల్ క్రోషే కింద లెక్క. కాబట్టి కింద ఉన్న మొదటి కుట్టును వదిలేసి రెండు, మూడు, నాలుగో కుట్లలో ఒక్కో డబుల్ క్రోషే వేయండి. ఇప్పుడు అయిదో కుట్టు దగ్గర ఉన్నారు.

అందులో ఒక డబుల్ క్రోషే వేయండి. వేసిన వెంటనే దాని తల మీద ఉండే రెండు పోగులకూ కలిపి పిన్నీసు తగిలించండి. ఈ పని దాటేయొద్దు. తర్వాత సూది గుచ్చాల్సింది సరిగ్గా ఇక్కడే, కానీ అప్పటికి అయిదు కుట్ల తలలు ఒకదాని పక్కన ఒకటి తోసుకుంటూ ఉంటాయి, ఏది మొదటిదో తెలియదు. పైగా కుడిచేత్తో అల్లేవాళ్లకు కుట్టు తల దాని కాండం మీద తిన్నగా కూర్చోదు, కొంచెం కుడివైపుకి జరిగి ఉంటుంది. దాంతో మొదటి కుట్టు తల అనుకుని రెండోదాన్ని గుచ్చుతారు, లేదంటే పాప్‌కార్న్‌కు ముందున్న మామూలు డబుల్ క్రోషే తలను గుచ్చుతారు.

అదే కుట్టులో ఇంకో నాలుగు డబుల్ క్రోషేలు వేయండి, మొత్తం అయిదు. కింద మొదళ్లన్నీ ఒకే రంధ్రంలో ఉంటాయి, పైన తలలు విసనకర్రలా విచ్చుకుంటాయి. అయిదోది వేసేసరికి ఆ రంధ్రంలో సూది దూరడం కష్టంగా ఉంటే కింది వరుసలో సింగిల్ క్రోషే బిగుతుగా పడిందన్న మాట. తర్వాతిసారి ఆ వరుసను అరసైజు పెద్ద సూదితో వేసుకోండి.

ఇప్పుడు సూది మీద ఒక్క లూప్ ఉంది. దాన్ని సుమారు ఒక సెంటీమీటరు పొడవు లాగి, సూదిని బయటికి తీసేయండి. లూప్ ఊడిపోతుందేమోనని టెన్షన్ అక్కర్లేదు. ఉండవైపు దారాన్ని లాగకుండా ఉంటే అది కదలదు. ఎడమ చేతి బొటనవేలితో కుట్ల మొదళ్ల దగ్గర నొక్కి పట్టుకోండి.

పిన్నీసు ఉన్న చోటు చూడండి. పిన్నీసు తీసి, ఆ తల మీది రెండు పోగుల కిందుగా సూదిని ముందు నుంచి వెనక్కి గుచ్చండి. ముందు అంటే మీ వైపు. సూది కొన వెనక బయటికి వచ్చాక, వదిలేసిన లూప్‌ను ఆ కొక్కేనికి తగిలించండి. తగిలించాక ఉండవైపు దారాన్ని మెల్లగా లాగితే లూప్ సూది లావుకి తగ్గుతుంది. అప్పుడు ఆ లూప్‌ను మొదటి కుట్టు తలలోంచి మీ వైపుకి లాగేయండి. అయిదు కుట్ల పై అంచులు దగ్గరికి వచ్చేసి, మధ్య భాగం మీ మొహం వైపు ఉబ్బుతుంది. ఉబ్బు సరిగా రాకపోతే సూదిని అలాగే ఉంచి, వెనక నుంచి చూపుడు వేలితో పొడవండి.

చివరగా ఒక చెయిన్ వేసి బిగించండి. దాన్ని గట్టిగా వేయాలి. వదులుగా వేస్తే పాప్‌కార్న్ నోరు తెరుచుకుంటుంది, నాలుగు ఉతుకులకే ఆకారం పోతుంది.

ముందు నుంచా, వెనక నుంచా

సూదిని ముందు నుంచి వెనక్కి గుచ్చితే పాప్‌కార్న్ మీ వైపు ఉబ్బుతుంది. వెనక నుంచి ముందుకి గుచ్చితే అవతలి వైపు ఉబ్బుతుంది. అంటే బట్ట పై వైపు మీకు కనబడుతున్నప్పుడు ముందు నుంచి గుచ్చాలి. వరుస తిప్పాక వెనక వైపు మీకు ఎదురుగా ఉన్నప్పుడు పాప్‌కార్న్ వేయాల్సి వస్తే వెనక నుంచి గుచ్చాలి. అప్పుడే అన్నీ పై వైపునే ఉంటాయి.

కొత్తలో రెండోదాని జోలికి వెళ్లొద్దు. పై వైపు వరుసల్లోనే పాప్‌కార్న్‌లు వేసుకుని, తిరుగు వరుసను మామూలు సింగిల్ క్రోషేతో పూర్తిచేస్తే ఈ గొడవే ఉండదు. కింద ఇచ్చిన నమూనా అలాంటిదే. గుండ్రంగా అల్లేటప్పుడు పనిని తిప్పరు కాబట్టి అక్కడ ఎప్పుడూ ముందు నుంచే.

ఎడమచేతి వాటం వాళ్లు వరుసను ఎడమ నుంచి కుడికి అల్లుతారు, కాబట్టి వాళ్లకు మొదటి కుట్టు ఎడమ చివర ఉంటుంది. ముందు, వెనక మాత్రం మారవు.

19 కుట్ల నమూనా

పాప్‌కార్న్‌లు ఒకదాని నెత్తిన ఒకటి కాకుండా, పై వరుసలోవి కింది వరుస సందుల్లోకి వచ్చేలా అల్లే ముక్క ఇది. వెడల్పు పెంచాలంటే 4 చొప్పున పెంచుకోవాలి, చివర 3 కలపాలి. 19 అంటే నాలుగు నాలుగులు పదహారు, దానికి మూడు.

మొదటి వరుస: 20 చెయిన్లు వేసి, సూది నుంచి రెండో చెయిన్‌తో మొదలుపెట్టి చివరిదాకా సింగిల్ క్రోషే. 19 కుట్లు. తిప్పండి.

రెండో వరుస, ఇది పై వైపు: 3 చెయిన్లు మొదటి కుట్టు కింద లెక్క. తర్వాతి రెండు కుట్లలో డబుల్ క్రోషే. నాలుగో కుట్టులో పాప్‌కార్న్. ఇక్కణ్నుంచి మూడు డబుల్ క్రోషేలు, ఒక పాప్‌కార్న్ చొప్పున వేసుకుంటూ వెళ్లండి. 4, 8, 12, 16 కుట్ల దగ్గర పాప్‌కార్న్‌లు పడతాయి. చివర మూడు డబుల్ క్రోషేలు మిగులుతాయి. తిప్పండి.

మూడో వరుస: 1 చెయిన్, అది లెక్కలోకి రాదు. ప్రతి కుట్టు మీదా ఒక సింగిల్ క్రోషే. ప్రతి పాప్‌కార్న్ మీద కూడా ఒకటే. చివరి సింగిల్ క్రోషే కింది వరుసలోని 3 చెయిన్ల పై చెయిన్‌లో వేయాలి. మళ్లీ 19 రావాలి. తిప్పండి.

నాలుగో వరుస: 3 చెయిన్లు. వెంటనే రెండో కుట్టులో పాప్‌కార్న్. మూడు డబుల్ క్రోషేలు, ఒక పాప్‌కార్న్ చొప్పున కొనసాగించండి. ఈసారి 2, 6, 10, 14, 18 దగ్గర పడతాయి, మొత్తం అయిదు. చివర ఒక్క డబుల్ క్రోషే. తిప్పండి.

అయిదో వరుస మూడోదానిలాగే. తర్వాత మళ్లీ రెండో వరుస నుంచి.

ఎక్కువమందికి లెక్క తప్పేది మూడో వరుసలో. పాప్‌కార్న్ తల దగ్గర బిగించడానికి వేసిన చెయిన్ ఉంటుంది, దాని పక్కన లూప్ లాగిన చోటు ఇంకో కుట్టులా కనబడుతుంది. రెండింటిలోనూ సింగిల్ క్రోషే వేస్తే ఒక వరుసకే నాలుగు కుట్లు పెరుగుతాయి, ముక్క పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. ఆ బిగింపు చెయిన్‌లో మాత్రమే ఒక సింగిల్ క్రోషే వేసి, పక్కన కనబడేదాన్ని దాటేసి నేరుగా తర్వాతి డబుల్ క్రోషే తలకు వెళ్లండి. ప్రతి సింగిల్ క్రోషే వరుస చివరా లెక్కపెట్టండి. 19 రాకపోతే పై వరుసకు వెళ్లొద్దు. ఒక వరుస విప్పడం రెండు నిమిషాల పని, పాప్‌కార్న్‌లున్న వరుస విప్పడం అంత తేలిక కాదు. లూప్ మొదటి కుట్టులోంచి దూరి ఉంటుంది కాబట్టి దారాన్ని గట్టిగా లాగితే అక్కడ ముడి బిగుసుకుంటుంది. బిగింపు చెయిన్ ఊడదీసి, లూప్‌ను మొదటి కుట్టులోంచి సూదితో వెనక్కి తీసి, అప్పుడు లాగండి.

ఊలు ఎంత పడుతుంది

దీన్ని ముందే లెక్కేసుకోవాలి, లేకపోతే దుప్పటి సగంలో ఉండగా అదే రంగు ఊలు కోసం షాపుల చుట్టూ తిరగాలి. నాలుగో వరుసే చూడండి. 19 చోట్లలో 14 మామూలు కుట్లు, 5 పాప్‌కార్న్‌లు. ఒక్కో పాప్‌కార్న్‌లో 5 డబుల్ క్రోషేలు కాబట్టి 25. మొత్తం 39. చదునుగా అల్లితే 19తో అయిపోయే వరుస అది. రెండో వరుసలో కూడా 35 అవుతాయి. అంటే పాప్‌కార్న్ వరుసల్లో రెట్టింపు, లేదా అంతకన్నా కొంచెం తక్కువ ఊలు పోతుందని పెట్టుకోండి. సింగిల్ క్రోషే వరుసల్లో తేడా ఉండదు. పెద్ద పని మొదలుపెట్టేముందు పైన చెప్పిన రెండు నుంచి అయిదు దాకా వరుసలను రెండుసార్లు అల్లి, ఆ ముక్కను వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచుకుంటే మీ చేతికి ఎంత పడుతుందో తెలిసిపోతుంది. ఊలు కొనేటప్పుడు అన్ని ఉండల మీదా లాట్ నంబరు ఒకటేనా అని చూడండి. ఒకే రంగు పేరుతో ఉన్నా లాట్ మారితే చాయ మారుతుంది.

బొబుల్, పఫ్ కూడా ఇవేనా?

కావు, చూడ్డానికి దగ్గరగా ఉంటాయి కానీ అల్లే తీరు వేరు. బొబుల్‌లో అయిదు డబుల్ క్రోషేలనూ పూర్తి చేయరు. ఒక్కోదాన్ని చివరి మెట్టు దగ్గర ఆపి, సూది మీద ఆరు లూప్‌లు చేరాక అన్నిట్లోంచీ ఒకేసారి దారం లాగుతారు. సూది బయటికి తీసే పనే లేదు. అది అల్లేవాళ్లకు అవతలి వైపు ఉబ్బుతుంది కాబట్టి దాన్ని ఎక్కువగా వెనక వైపు వరుసల్లో వేస్తారు. పఫ్‌లో అసలు డబుల్ క్రోషేలే ఉండవు. దారం చుట్టి, గుచ్చి, పొడుగ్గా లూప్ లాగడమే మళ్లీ మళ్లీ చేసి, చివర అన్నిటినీ కలిపేస్తారు. మెత్తగా ఉంటుంది కానీ ఆ పొడుగు పోగులు గాజులకూ గొలుసులకూ తగులుకుంటాయి. చంటిపిల్లల వస్తువులకైతే నేను పఫ్ వాడను, వాళ్ల వేళ్లు అందులో ఇరుక్కుంటాయి. మూడింటిలో ఎత్తుగా, గట్టిగా నిలబడేది పాప్‌కార్నే.

దీనికో లోపం ఉంది. వెనక వైపు చూస్తే ప్రతి పాప్‌కార్న్ దగ్గరా గుంట కనబడుతుంది. రెండు వైపులా కనబడే మఫ్లర్‌కు ఇది నప్పదు. కుషన్ కవరు, లైనింగ్ వేసే బ్యాగు, గోడకు తగిలించేవి, సోఫా మీద పరిచేవి దీనికి సరైన చోట్లు. తలగడ గలీబుకు మాత్రం వద్దు, పొద్దున లేచేసరికి చెంప మీద అచ్చులు పడతాయి.

గుండ్రంగా వేయాలంటే

పువ్వు ఆకారానికి 8 చెయిన్లు వేసి, మొదటిదానితో స్లిప్ స్టిచ్‌తో (గుచ్చి, దారాన్ని సూది మీది లూప్‌లోంచి కూడా ఒకేసారి లాగేసే కుట్టు) కలిపి రింగు చేయండి. 3 చెయిన్లు వేయండి, ఇవే మొదటి డబుల్ క్రోషే. రింగులోకి ఇంకో నాలుగు డబుల్ క్రోషేలు. సూది తీసి, ఆ 3 చెయిన్ల పై చెయిన్‌లో ముందు నుంచి గుచ్చి, లూప్ లాగి, 1 చెయిన్‌తో బిగించండి. తర్వాత 3 చెయిన్లు ఖాళీ వదిలి, రింగులోకే అయిదు డబుల్ క్రోషేలతో రెండో పాప్‌కార్న్. అలా ఆరు వచ్చేదాకా వేసి, చివరి 3 చెయిన్ల తర్వాత మొదటి పాప్‌కార్న్ తలలో స్లిప్ స్టిచ్‌తో కలపండి. ఆరు రేకులు వస్తాయి. ఇదే పువ్వును సన్న నూలు దారంతో, స్టీలు సూదితో వేస్తే టేబుల్ క్లాత్ మూలలకు బాగుంటుంది. చేయి తిరిగాక మాత్రమే ఆ పని పెట్టుకోండి.

అయ్యాక

పని పూర్తయ్యాక ఇస్త్రీ పెట్టె దగ్గరికి తీసుకెళ్లొద్దు. అక్రిలిక్ అయితే వేడికి పోగు మెత్తబడి సాగిపోతుంది, ఒకసారి అణిగిన పాప్‌కార్న్ మళ్లీ లేవదు. కాటన్ అయినా పెట్టె బరువుకి చదునవుతుంది. ముక్కను చల్లని నీళ్లతో తడిపి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కండి. తర్వాత పరుపు మీదో దళసరి దుప్పటి మీదో పరిచి, నాలుగు అంచులూ తిన్నగా లాగి తుప్పు పట్టని గుండుసూదులు గుచ్చండి. తడిగా ఉండగానే ఒక్కో పాప్‌కార్న్‌ను వెనక గుంటలోంచి వేలితో పైకి తోయండి, అదే ఆకారంలో ఆరుతుంది. తీగ మీద వేలాడదీస్తే మాత్రం నీటి బరువుకి కిందికి సాగుతుంది.

దారం కొసలను పాప్‌కార్న్‌ల వెనక గుంటల్లో దాచొద్దు, కొన్నాళ్లకు బయటికి వచ్చేస్తాయి. సింగిల్ క్రోషే వరుసలోంచి ఒకవైపు నాలుగైదు కుట్లు, మళ్లీ వెనక్కి నాలుగైదు కుట్లు దూర్చి కత్తిరించండి.